ఇటుకరాయి కేసులో నేను ప్లీడరునైన వైనం

నేను లా చదువుకోలేదు. అయినా నా సర్వీసులో ఒకే ఒక్క పూట ప్లీడరు పని చేశాను. నల్లకోటు లేదు. గంజి పెట్టిన తెల్లచీర, నెత్తిన టోపీ, అంతే. ఆ పూట నేను మాట్లాడిన మాటలు ఇప్పటికీ వరసగా అప్పజెప్పగలను. గర్వమంటారా, గర్వమే. ఇన్నేళ్లు చాకిరీ చేసినదాన్ని, ఆ మాత్రం ఉండకూడదా?

కొత్తగా ఉద్యోగంలో చేరిన నర్సు పిల్లలు కొందరు నా దగ్గరికి వస్తుంటారు. కాఫీ తాగి, కబుర్లు చెప్పి, చివరికి గొంతు తగ్గించి అడిగేది ఒకటే ప్రశ్న. రోగికి ఏమైనా అయితే నింద మన నెత్తినే వేస్తారా మేడమ్ అని. వేస్తారమ్మా, ఎందుకు వెయ్యరు? అందరికంటే దగ్గరగా అందేది మన నెత్తే గదా. వేసినప్పుడు ఏం చెయ్యాలన్నదే సంగతి. అందుకే ఇది రాస్తున్నాను.

అరవైల మొదట్లో మాట. నెల్లూరు జిల్లాలో సముద్రానికీ రైలుకట్టకీ మధ్యనున్న ఒక ఊళ్లో సర్కారు ఆస్పత్రి. ఊరి పేరు వద్దులెండి. అక్కడ పురుళ్ల వార్డుకు నేను హెడ్ నర్సుని. నా కింద ఒకే ఒక స్టాఫ్ నర్సు. పక్కనున్న ఆడవాళ్ల వార్డు కూడా ఆ పిల్లే చూసుకోవాలి. ఇంజెక్షన్లు, కట్లు, జ్వరాలు చూడటం, కాన్పులకు నిలబడటం, ఇవన్నీ అయ్యేసరికి ఇద్దరికీ తిండి వేళ దాటిపోయేది. రోగికి గంజి తాగించడం, ఒళ్లు తుడవడం, పక్క సర్దడం రోగి తాలూకు మనుషులే చేసుకునేవారు. రూలు ప్రకారం వాళ్లు వార్డులో ఉండకూడదు. రూలును నమ్ముకుంటే రోగి గొంతులో నీళ్లు పోసే దిక్కు లేదు. ఆస్పత్రి వెనక సరుగుడు చెట్ల కింద వాళ్లు రాళ్ల పొయ్యిలు పెట్టుకుని వండుకునేవారు. పెద్ద డాక్టరుగారితో సహా అందరం చూసీ చూడనట్టు పోయేవాళ్లం.

ఆ స్టాఫ్ నర్సు పిల్లది సముద్రపొడ్డున పాళెం. తండ్రి వలేసి చేపలు పట్టేవాడు. ఆ పాళెంలో నర్సు చదువు చదివిన మొదటి మనిషి ఆమే. తక్కువ మాట్లాడేది, చేతులు మాత్రం చురుకు. ఎంత బక్కచిక్కిన మనిషి చేతిలోనైనా నరం దొరకబుచ్చుకునేది. డబ్బాలో ఎండుచేప తెచ్చుకుంటే నేను ముక్కు మూసుకుని ఏడిపించేదాన్ని, తరవాత సగం నేనే లాగించేదాన్ని. నన్ను అక్కా అని పిలిచేది. ఉద్యోగం ఇంకా ఖాయం కాలేదు, టెంపరరీ.

ఒక కార్తీకమాసపు ముసురులో, కాన్పు కష్టమైన పిల్లనొకదాన్ని ఎద్దుబండిలో తెచ్చారు. వాళ్లదీ సముద్రపొడ్డే, వేరే పాళెం. తొలిచూలు. వెంట అత్తగారు ఉంది. బిడ్డ అడ్డం తిరిగి ఉంది. పెద్ద డాక్టరుగారు వెన్నులో మత్తు సూది వేసి ఆపరేషను చేశారు. అందులో నడుము కింద ఏదీ తెలియదు, పైన మనిషి మెలకువగానే ఉంటుంది. తల్లీ బిడ్డా దక్కారు. మా ఆస్పత్రిలో ఆ రోజుల్లో అది చిన్న విషయం కాదు. పెద్ద డాక్టరుగారు థియేటరులోంచి పెళ్లికొడుకులా బయటికొచ్చారు.

మధ్యాహ్నం చలిగాలి ఎక్కువైంది. నేను థియేటరులో పనిముట్లు ఉడకబెట్టిస్తూ ఉన్నాను. మా స్టాఫ్ నర్సు పిల్ల రెండు వార్డుల మధ్య తిరుగుతోంది. పొద్దు వాలేసరికి బాలింతకు కాళ్లల్లో కొంచెం కొంచెం స్పర్శ వచ్చింది. రాగానే వార్డంతా అదిరేట్టు అరిచింది. దుప్పటి తీసి చూస్తే మడమా పిక్కా బొబ్బలెక్కి ఉన్నాయి.

పెద్ద డాక్టరుగారు పరుగున వచ్చారు. చెడ్డమనిషి కాదాయన, మంచి సర్జను. తను ప్రాణం పెట్టి చేసిన పని ఇట్లా పాడైందని ఆయనకు కడుపు మండింది. మత్తు సూది తరవాత కాళ్లు కాలాయంటే నర్సు వేడి చూడకుండా హాట్ వాటర్ బ్యాగు పెట్టిందనే అర్థమని పుస్తకాల్లో ఉంది. వేడి పెట్టింది నువ్వేనా అని నర్సు పిల్లను అడిగారు. ఆ పిల్ల బాలింత అత్తగారి వంక చూసింది. ఆమె మంచం కాళ్ల దగ్గర కూలబడి తల బాదుకుంటోంది. ఆ పిల్ల నోరు తెరవలేదు. ఆయనకు అదే ఒప్పుకోలైపోయింది.

మర్నాడు పొద్దున ఆ పిల్ల చేతికి కాగితం వచ్చింది. వేడి పరీక్షించకుండా హాట్ వాటర్ బ్యాగు పెట్టి రోగి కాలు కాల్చినందుకు, అజాగ్రత్త కారణంగా ఉద్యోగం నుంచి తొలగించడమైనది అని. నేను వెళ్లి వాదించాను. "ఆమె టెంపరరీ, సిస్టర్. విచారణలూ అవీ అక్కర్లేదు" అన్నారాయన. నాకు ఒళ్లు మండింది. ఉద్యోగం పోతే పోయింది, ఇంకోచోట చూసుకోవచ్చు. కానీ రోగిని కాల్చిందని రాసిన కాగితం పట్టుకుని ఏ ఆస్పత్రికి వెళ్లినా గేటు దగ్గరే తిప్పి పంపేస్తారు. నర్సుల రిజిస్టరులోంచి పేరు కొట్టేసినా దిక్కు లేదు. అంటే ఆ పిల్ల చదివిన చదువంతా బూడిదలో పోసిన పన్నీరే.

మా అన్న బిట్రగుంట లోకో షెడ్డులో ఫైర్‌మన్, రైలింజనులో బొగ్గేసే పని. సెలవు దొరికిన రోజు ఆ పిల్లను వెంటబెట్టుకుని పాసింజరెక్కి రైల్వే కాలనీకి పోయాను. రైలువాళ్లకు పై అధికారులిచ్చే చార్జిషీట్లంటే కాఫీ టిఫిన్లతో సమానం. మా షెడ్డులో చార్జిషీటు పుచ్చుకోనోడికి పిల్లనెవరూ ఇయ్యరు అని మావాడు గొప్పలు పోయేవాడు. కాగితం చదివి తొడ చరుచుకుని నవ్వాడు. ఆ పిల్ల బిత్తరపోయింది. నేను కసిరాను.

"నవ్వక ఏం జెయ్యమంటావు? టెంపరరీ మనిషిని ఊరికే, నీ అవసరం లేదు పో అంటే మనం ఏం జెయ్యలేం. మీ డాక్టరు కోపంలో తప్పు గూడా రాసి పెట్టినాడు. తప్పు రాసి తీసేస్తే అది శిక్ష. శిక్ష ఎయ్యాలంటే ముందు ఆ మనిషి చెప్పేది ఇనాల. టెంపరరీ అయినా సరే, పర్మనెంటు అయినా సరే" అన్నాడు అన్న.

మీరు గుర్తుపెట్టుకోవలసిన ముక్క ఇదే పిల్లలూ. నాకూ ఆ రోజుదాకా తెలియదు. అన్న భోజనాల దగ్గర కూచోబెట్టి పాఠం చెప్పాడు. జిల్లా ఆఫీసుకు అర్జీ పెట్టండి, విచారణ అడగండి, సాక్షుల్ని ప్రశ్నలడిగే హక్కు అడగండి, ఈ పిల్ల తరపున మాట్లాడటానికి తోటి ఉద్యోగిని ఒకర్ని అనుమతించమనండి అని. ఆ తోటి ఉద్యోగి ఎవరని అడిగాను. నీ నోటికంటే పెద్ద నోరు ఆ ఆస్పత్రిలో ఇంకెవరికుంది అన్నాడు. చివరిగా ఆ పిల్లకు వేలు చూపించి మరీ చెప్పాడు, అడిగినదానికే జవాబు చెప్పాలనీ, అడగనిదానికి నోరు తెరవకూడదనీ.

తిరుగు రైల్లో కిటికీ పక్కన కూచుని ఆ పిల్ల మెల్లగా అసలు సంగతి చెప్పింది.

"అక్కా, బ్యాగు నేను పెట్టలేదు. ఆ అత్తే ఎనక పొయ్యిలో ఇటుకరాయి కాల్చి, గోనెగుడ్డలో చుట్టి తెచ్చి, కోడలు నిద్రలో ఉంటే కాళ్లకాడ పెట్టింది, చల్లారినాక తీసేసింది. లోపలికి తీసకపోతుంటే నేను చూసినా."

చూసి ఊరుకున్నావా అని దాదాపు అరిచాను. ఎదురుగా కూచున్న ఆసామి ఉలిక్కిపడ్డాడు.

"మా అమ్మకు కాన్పయినప్పుడల్లా మా అవ్వ అట్టానే పెట్టేది అక్కా. చలి కాలాన బాలింత కాళ్లకాడ రాయి లేకపోతేనే ఏందబ్బా అనుకుంటాం మేము. నా కంటికి అది తప్పని ఆనలేదు."

మత్తు సూది తరవాత వేడి తగలనివ్వకూడదని ఆ పిల్లకు తెలియదా? బ్రహ్మాండంగా తెలుసు, పరీక్షలో రాసి మార్కులు తెచ్చుకున్న పిల్ల. కానీ పుస్తకంలో ఉన్నది రబ్బరు బ్యాగు. ఇటుకరాయి పుస్తకంలో లేదు, వాళ్ల ఇంట్లో ఉంది. చదువు ఒకవైపు, పుట్టిపెరిగిన ఇల్లు ఒకవైపు ఉండి, మధ్యలో ఆ బాలింత కాలు కాలింది. ఎక్కడో పట్నం నుంచి వచ్చిన నర్సయితే ఆ మూట చూడగానే ఏమిటిది అని విప్పి చూసేది. అయినా సరే, నువ్వు చూశావన్న మాట ఇంకెక్కడా పొక్కనివ్వొద్దని నేను గట్టిగా చెప్పాను. ఊ అంది. ఆ ఊ నేను నమ్మాను.

అర్జీ పనిచేసింది. తొలగింపు ఆపి, విచారణకు నెల్లూరు నుంచి ఒక పెద్దాయనను పంపారు. ఆయనా డాక్టరే, రిటైరుమెంటుకు దగ్గరపడ్డవాడు. తమలపాకులు నములుతూ నిదానంగా మాట్లాడేవాడు. విచారణ పెద్ద డాక్టరుగారి గదిలోనే. నేను ఆ పిల్ల పక్కన నిలబడ్డాను. వెంట తెచ్చిన గుడ్డసంచి కాళ్ల దగ్గర పెట్టుకున్నాను.

పెద్ద డాక్టరుగారు తన మాట చెప్పారు. నా వంతు వచ్చింది. ఈమె బ్యాగు పెడుతుండగా మీరు చూశారా సార్ అని అడిగాను. చూడలేదన్నారు. పెట్టానని ఈమె మీతో చెప్పిందా అన్నాను. చెప్పలేదు, కాదని కూడా అనలేదు అన్నారు. అప్పుడు నేను గుడ్డసంచి విప్పి, మా వార్డులో ఉన్న హాట్ వాటర్ బ్యాగులన్నీ తీసి బల్ల మీద పెట్టాను. ఉప్పుగాలికి రబ్బరు చివికి, అప్పడాల్లా బీటలు వారి ఉన్నాయి. కొత్తవి కావాలని అడిగీ అడిగీ నా గొంతు ఎండిపోయింది. వీటిలో ఏ బ్యాగుతో కాలు కాలిందో సెలవివ్వండి అంటూ కూజా ఎత్తి ఒకదాంట్లో నీళ్లు పోశాను. సగం నీళ్లు బల్ల మీదికీ, మిగిలినవి విచారణాధికారిగారి ప్యాంటు మీదికీ పోయాయి. ఆయన కుర్చీ వెనక్కి జరుపుకుని, చాలమ్మా అర్థమైంది, మిగతా బ్యాగులు వద్దు అన్నాడు. పెద్ద డాక్టరుగారు తడిసిన కాగితాలు ఎత్తుకుని విదిలించడం మొదలుపెట్టారు. అబ్బ, ఆ క్షణం నా చేతికి ఎవరైనా నల్లకోటు ఇచ్చి ఉంటే తొడుక్కునేదాన్నే.

తరవాత అత్తగారిని పిలిచారు. ఇల్లు చూసుకోవడానికి పోయిన ముసలిది పాళెం నుంచి అంత దూరం నడిచి వచ్చింది. తడిసిన చెంగు ఒంటికి చుట్టుకుని గడప దగ్గరే నిలబడిపోయింది. బయట ఎవరో చెప్పారట, కోడలి కాలు కాల్చినందుకు జైల్లో పెడతారని. కాలు ఎట్లా కాలిందని అధికారి అడిగాడు.

"తెలీదు సామీ" అంది.

అధికారి కలం మూత పెట్టాడు. బ్యాగు పెట్టినట్టు రుజువు లేదు, కాలిందెట్లాగో చెప్పేవాళ్లు లేరు. మా అన్న చెప్పిన లెక్కలో కేసు గెలిచినట్టే. నేను బ్యాగులు సంచిలో సర్దుకుంటున్నాను. పక్కన ఆ పిల్ల ఒక అడుగు ముందుకు వేసింది.

"సార్, నేనొక మాట చెప్పాల."

నేను వెనకనుంచి చీర పట్టి లాగాను. ఆగలేదు. నేను లాగింది అధికారి చూశాడు కూడాను.

"ఆయమ్మ చలికి ఇటుకరాయి కాల్చి పెట్టింది సార్. మా పాళేల్లో బాలింతలకు అట్టానే పెడతాం. కోడలి కాళ్లు మొద్దుబారి ఉన్నాయని, కాలినా తెలవదని ఆయమ్మకు ఎవరూ చెప్పలేదు. నాకు తెలుసు. మూట తెస్తుంటే చూసినా గూడా. ఆపలేదు. తప్పు నాది సార్, ఆయమ్మది గాదు."

నా పని అయిపోయిందనుకున్నాను. ఇంత కష్టపడి ఒడ్డుకు చేర్చిన మనిషి, నా కళ్లముందే మళ్లీ నీళ్లలోకి దిగింది. అధికారి ఆ పిల్లను తేరిపార చూశాడు.

"ఈ మాట చెప్పకపోతే నీ మీద కేసు లేదు. తెలుసా?"

"తెలుసు సార్. చెప్పొద్దని అక్క గూడా చెప్పింది."

నా మొహం ఎక్కడ పెట్టుకోను? అధికారి నావైపు ఓరగా చూసి, మరెందుకు చెప్పావని ఆ పిల్లనే అడిగాడు.

"బ్యాగు కేసు పోయింది సార్. రాయి పోలేదు గదా. రేపు ఇంకో బాలింతకు ఇంకో అత్త కాల్చి తెస్తాది. ఈ రోజు నేను నోరు మూసుకుంటే, ఆ కాలు గూడా నేను కాల్చినట్టే."

గడప దగ్గర ముసలమ్మ అప్పటికి లోపలికి వచ్చేసింది. నేనే పెట్టినా సామీ, వణుకుతా ఉంటే చూడలేక పెట్టినా, జైలుకు నన్ను తీసకపోండి, ఆ బిడ్డను ఏమనబాకండి అని దణ్ణం పెట్టింది. ఎవరూ జైలుకు పోవడం లేదని అధికారి ఆమెను కూచోబెట్టించాడు. తరవాత పెద్ద డాక్టరుగారివైపు తిరిగి, కాళ్లకు స్పర్శ ఉండదని రోగి మనుషులకు ఎవరైనా చెప్పారా అని అడిగాడు.

ఇక్కడ ఆయన గురించి ఒక మంచి మాట చెప్పి తీరాలి. అది నర్సు పని అని ఆయన అనవచ్చు. అంటే కాదనేవాళ్లు లేరు. ఆయన కళ్లజోడు తీసి బల్లమీద పెట్టి, "నేను చెప్పలేదు. చెప్పాలని తోచలేదు" అన్నారు. ఆ రోజు నుంచి ఆయనంటే నాకున్న కోపం పోయింది.

ఉత్తర్వు వచ్చింది. తొలగింపు రద్దు. హాట్ వాటర్ బ్యాగు అభియోగం రుజువు కాలేదు. మూట చూసి కూడా విప్పి చూడనందుకు ఆ పిల్లకు మందలింపు. శిక్షల్లోకెల్లా చిన్నది అదే. ఉద్యోగానికి ఢోకా లేదు. ఆ పైన, ఒక్క నర్సుకు రెండు వార్డులు అప్పజెప్పడం గురించీ, చివికిన రబ్బరు గురించీ ఆస్పత్రికి కూడా నాలుగు వాక్యాలు అంటించాడు ఆ పెద్దాయన. చట్టమంటే ఏమిటో నాకు అప్పుడు అర్థమైంది. ఎవరి వాటా వాళ్లకు పంచడమే. మనం చెయ్యనిదానికి మన తల వంచకూడదు, మన వంతు ఉంటే దాన్ని పక్కవాడి ఆకులోకి నెట్టకూడదు. మొదటిది నేను ఆ పిల్లకు నేర్పాను. రెండోది ఆ పిల్ల నాకు నేర్పింది. అన్నకు చెప్తే నెత్తి కొట్టుకున్నాడు. గెలిచిన కేసులో శిక్ష అడిగి పుచ్చుకున్న మనిషిని మా షెడ్డులో ఎవరూ చూడలేదమ్మా అంటూనే, ఆ పిల్లను ఈసారి భోజనానికి తీసుకురమ్మన్నాడు.

తొలగింపు ఆగిన రోజు నుంచి కాలిన కాలికి ఆ పిల్లే రోజూ కట్టు కట్టింది. ఇంకెవరు వచ్చినా బాలింత ఒప్పుకోలేదు. పుండు మాని, బిడ్డను చంకనేసుకుని నడిచి వెళ్లింది.

ఆ ఏటి చలి పోకముందే మళ్లీ అట్లాంటి ఆపరేషను పడింది. ఈసారి లోపలి పల్లెనుంచి వచ్చిన వరి రైతుల కుటుంబం. రోగి తల్లి వరండాలో కూచుని ఉంది. పెద్ద డాక్టరుగారు తడి చేతులతోనే బయటికి వచ్చి ఆమెకు చెప్పబోయారు. మత్తు అన్నారు, స్పర్శ అన్నారు, నరాలు అన్నారు. ఆమె అన్నిటికీ తలూపింది. ఒక్క ముక్క ఎక్కలేదని నాకు తెలుస్తూనే ఉంది. ఆయన దిక్కుతోచక ఆ పిల్లవైపు చూశారు.

ఆ పిల్ల ఆమె చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకుపోయింది. దుప్పటి తొలగించి, నీ కూతురి కాలు గిల్లమ్మా అంది. ఆమె జంకుతూ గిల్లింది. గట్టిగా గిల్లమంది. గట్టిగానే గిల్లింది. కూతురు తల్లి మొహంలోకి చూసి నవ్వుతూనే ఉంది, కాలు కదల్లేదు. తల్లి నిప్పు ముట్టుకున్నట్టు చెయ్యి వెనక్కి తీసుకుంది. నిప్పు పడ్డా తనకిట్టానే తెలవదమ్మా, తిమ్మిరి ఇడిసినదాకా ఈ కాళ్లకు నేనే జవాబు చెప్పుకోవాల అంది ఆ పిల్ల.

కాసేపటికి నేను మందుల ట్రేతో అటు వెళ్లాను. వాళ్ల తాలూకు ఆడవాళ్లు ఇద్దరు, ఒకామె చేతిలో నిప్పుల కుంపటితో వార్డు గుమ్మం దాకా వచ్చి ఉన్నారు. ఆ తల్లి చేతులు రెండూ చాపి గుమ్మానికి అడ్డంగా నిలబడింది.

"దగ్గరికి రాబాకండి. ఆ కాళ్లు ఈ పూట నా కూతురివి గావు, నర్సమ్మవి."

ఆ పిల్ల విని సిగ్గుతో తల వంచుకుంది. నేను మాత్రం తల ఎత్తుకునే ఆ గుమ్మం దాటి లోపలికి వెళ్లాను.